మొదటి ఎయిర్ రైఫిల్: నలభై వేలలో ఏది కొనాలి?

కొత్తగురి
అందరికీ నమస్కారం. నా వయసు 31. ఉప్పల్‌లో ఉంటాను, ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. గత నెల ఒక మిత్రుడితో షూటింగ్ రేంజికి వెళ్లి, అక్కడి రైఫిల్‌తో నలభై పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) కాల్చాను. మొదటి పదిలో సగం కాగితం మీద కూడా పడలేదు. చివరి పదిలో ఒకటి సరిగ్గా మధ్యన పడింది. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను. నవ్వకండి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకోవాలని ఉంది. చేతిలో నలభై వేలున్నాయి. మొన్న దుకాణంలో ఒక రైఫిల్ చూపించారు. స్కోపు ఉచితమట. సెకనుకు వెయ్యి అడుగుల వేగం, పైగా లైసెన్సు అక్కర్లేదు అన్నారు. ధర పద్దెనిమిది వేలు. మిగిలిన డబ్బుతో కోటు కొనుక్కోవచ్చని లెక్క వేసుకున్నాను. తీసుకోమంటారా?

పది_పాయింట్_తొమ్మిది
వద్దండీ. ఆ దుకాణదారు చెప్పిన మాటలు రెండూ ఒకేసారి నిజం కావడం కష్టం.

మన ఆయుధ నిబంధనల ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌల్స్ మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కే లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే పెల్లెట్ బరువు దాదాపు 0.53 గ్రాము. దాన్ని సెకనుకు వెయ్యి అడుగుల వేగంతో, అంటే 305 మీటర్లతో వదిలితే శక్తి 24 జౌల్స్ దాటుతుంది. కాబట్టి వేగం నిజమైతే లైసెన్సు కావాలి. లైసెన్సు అక్కర్లేకపోతే వేగం మాట అబద్ధం, లేదా ఏదో ఈకలాంటి తేలిక పెల్లెట్‌తో కొలిచి డబ్బా మీద అచ్చు వేశారు.

పైగా మన ఆటకు వేగంతో పని లేదు. ఒలింపిక్స్‌లో వాడే రైఫిళ్లు సెకనుకు 170, 175 మీటర్ల దగ్గరే ఆగుతాయి. ఏడెనిమిది జౌల్స్, అంతే. కాగితానికి చిల్లు పెట్టడానికి అది చాలు. ఆ స్కోపు విషయానికి వస్తే, 10 మీటర్ల పోటీల్లో స్కోపుకు అనుమతి లేదు. కంటి దగ్గర చిన్న రంధ్రమున్న పీప్ సైటు, బ్యారెల్ కొసన ఒక వలయం, అంతే.

ఓరుగల్లు_బాబాయి
బాబూ, మేడమ్ గారు లెక్కలతో బెదరగొట్టారని నిరుత్సాహపడకు. నా దగ్గర ఇండియన్ హ్యూమ్ పైప్ వారి 35 మోడల్ ఉంది, జర్మనీ డయానా 35కు నకలు. మా నాన్నగారు కొన్నది. బ్యారెల్ విరిచి స్ప్రింగు ఎక్కించే రకం. నలభై ఏళ్లుగా దానితోనే కాలుస్తున్నాను. పెరట్లో అగ్గిపెట్టెను పది మీటర్ల నుంచి పడగొడతాను. ఇలాంటివి పది పదిహేను వేలకు ఇప్పటికీ దొరుకుతాయి. సిలిండర్ లేదు, గాలి నింపే తంటా లేదు. స్ప్రింగు తుపాకితో నేర్చుకున్నవాడికి చేయి నిలుస్తుంది. నీళ్లలో దించకుండా ఈత రాదు.

పది_పాయింట్_తొమ్మిది
బాబాయి గారూ, అగ్గిపెట్టె వెడల్పు ఐదు సెంటీమీటర్లు. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంకె వచ్చే చుక్క అర మిల్లీమీటరు. పుస్తకంలో వాక్యం చివర పెట్టే చుక్కంత. అగ్గిపెట్టె మీద టార్గెట్‌లోని నల్ల భాగమంతా పట్టేస్తుంది!

స్ప్రింగు రైఫిల్ చెడ్డదని అనను. ఓపెన్ సైట్ (పీప్ రంధ్రం లేని మామూలు గురి) పోటీల్లో పిల్లలు వాటితోనే మొదలుపెడతారు. కానీ ట్రిగ్గర్ నొక్కాక లోపల పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది, పెల్లెట్ బ్యారెల్‌లో ఉండగానే రైఫిల్ రెండుసార్లు కుదుపుకు లోనవుతుంది. కాల్చినవారి తప్పేదో రైఫిల్ కుదుపేదో కొత్తవారికి తెలియదు. సిలిండర్ గాలితో పనిచేసే మ్యాచ్ రైఫిల్, అంటే పోటీలకు చేసినది, కదలదు. పెల్లెట్ ఎడమకు పోయిందంటే పొరపాటు మీదే. నిష్ఠురంగా ఉంటుంది కానీ నేర్పేది అదే.

ఓరుగల్లు_బాబాయి
నిష్ఠురం సంగతి మా ఇంట్లో ఆవిడను అడగండి, నా దగ్గర కొరత లేదు.

సరే, స్ప్రింగు తుపాకి ఎవరైనా కొంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి, పిస్టన్ సీలు చితికిపోతుంది. తుపాకి లోపలి గాలి గదిలో నూనె పోయకండి. నేను కుర్రతనంలో మూడు చుక్కలు కొబ్బరినూనె పోశాను. ఢాం అని పేలి, నీలం పొగ వచ్చి, పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. లోపలి వేడికి నూనె అంటుకుంటుంది.

తోటమాలి_నూజివీడు
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాకు మామిడి తోట ఉంది. కోతులతో వేగలేకపోతున్నాం. ఈ పద్దెనిమిది వేల రైఫిల్ వాటికి పనికివస్తుందా? చంపడానికి కాదు, బెదరగొట్టడానికే.

నిర్వాహకుడు
తోటమాలి గారూ, ఇక్కడ కాగితం మీద గురి గురించే మాట్లాడుకుంటాం. పెల్లెట్ తగిలిన కోతి బెదరదు. గాయంతో చెట్టెక్కి, చీము పట్టి వారం రోజులకు చస్తుంది. జంతు హింస చట్టం కింద అది నేరం. వలలు, కంచె గురించి రైతుల విభాగంలో చాలా రాశారు, అక్కడ చూడండి. ఈ చర్చలో జంతువుల ప్రస్తావన ఇంతటితో ఆపుదాం.

పెల్లెట్_పద్దు
కొత్తగురి గారూ, నేను ఖాతాల మనిషిని. మీరు రైఫిల్ ధర అడిగారు. నేను ఏడాది ఖర్చు చెబుతాను.

వారానికి మూడు రోజులు, రోజుకు ఎనభై పెల్లెట్లు అనుకోండి. నెలకు దాదాపు వెయ్యి, అంటే ఐదు వందలుండే డబ్బాలు రెండు. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటి మేలురకం డబ్బా నాకు వెయ్యి పైమాటే పడింది. సాధనకు చవక రకం వాడితే సగంలో పోతుంది. దీనికి రేంజి రుసుము, కోచ్ ఫీజు, రానుపోను పెట్రోలు కలపండి. ఏడాది తిరిగేసరికి మీ నలభై వేలు రైఫిల్ కొనకుండానే అయిపోతాయి!

మరోవైపు కొత్త మ్యాచ్ రైఫిల్, వాల్తర్ ఎల్‌జీ400 కానీ ఫైన్‌వెర్క్‌బావ్ 800 కానీ, మన దగ్గరకు వచ్చేసరికి రెండు లక్షల పైనే. మన దేశంలో ప్రెసిహోల్ వారు చేసే సిలిండర్ రైఫిళ్లు అంతకన్నా చాలా తక్కువ. కానీ మీ బడ్జెట్‌లో వాటికి కూడా సర్దుకోవలసిందే.

కాబట్టి ఈ నలభై వేలను రైఫిల్ సొమ్ము అనుకోకండి. ఏడాది సాధన సొమ్ము అనుకోండి. రేంజి రైఫిల్ వాడండి. ఈలోగా నెలకింత పక్కన పెట్టి, పాత మ్యాచ్ రైఫిల్ కోసం చూడండి.

కొత్తగురి
నిజం చెప్పాలంటే కొంచెం దిగులేసింది. రేంజి రైఫిల్ అందరి చెమటా పట్టి, చెంప ఆనించే చీక్ పీస్ మీద ఎవరి పౌడరో ఉంటుంది. సొంతది ఉంటే ఇంట్లో రోజూ పట్టుకోవచ్చు కదా అని ఆశ.

రైన్_ఒడ్డున
డ్యూసెల్‌డార్ఫ్ నుంచి రాస్తున్నాను, ఊరు తెనాలి. ఇక్కడ ప్రతి చిన్న ఊళ్లో ఒక షూటింగ్ సంఘం ఉంటుంది. మా సంఘంలో చేరినప్పుడు గోడకు వరసగా ఆనించిన పాత రైఫిళ్లు చూపించి, ఏది భుజానికి కుదిరితే అది తీసుకో అన్నారు. ఏడాదిన్నర అలాగే కాల్చాను. పౌడరు వాసన లేదు కానీ బీరు వాసన ఉండేది.

తర్వాత ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ కొన్నాను. నాకన్నా వయసులో పెద్దది. స్ప్రింగు రకమే, కానీ కాల్చినప్పుడు పై భాగమంతా పట్టాల మీద వెనక్కి జారుతుంది, భుజానికి కుదుపు తెలియదు. ఇక్కడ 7.5 జౌల్స్ లోపుండి, పంచభుజంలో ఎఫ్ అక్షరం ముద్ర ఉన్న ఎయిర్ రైఫిల్‌ను పద్దెనిమిదేళ్లు నిండినవారు ఎవరైనా కొనవచ్చు. బాబాయి గారు అన్నట్టు స్ప్రింగుతోనూ గురి వస్తుంది, కాకపోతే ఆ స్ప్రింగు ఇది కావాలి.

కొత్తగురి
రైన్ ఒడ్డున గారూ, మీరు సెలవులకు వచ్చేటప్పుడు అలాంటిదొకటి సూట్‌కేసులో...

రైన్_ఒడ్డున
ఆ మాట పూర్తి చేయకండి. దిగుమతి అనుమతి లేకుండా తెస్తే శంషాబాద్‌లోనే రైఫిల్ ఒకవైపు, నేను ఒకవైపు. మా అమ్మ ఆవకాయ జాడీ తీసుకెళ్లడానికే ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పాను.

అమ్మ_షూటర్
విశాఖ నుంచి. మా పాపకు పదమూడేళ్లు, బడిలో శిబిరం పెడితే ఎయిర్ రైఫిల్ పట్టుకుంది. దానికేది కొనాలో కూడా చెబుతారా?

పది_పాయింట్_తొమ్మిది
అమ్మా, పాపకు ఇప్పుడు ఏదీ కొనకండి. ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది. ఈ రోజు సరిపోయిన స్టాక్ (భుజానికి ఆనించే భాగం) వచ్చే దసరాకు పొట్టి అవుతుంది. పెద్దల రైఫిల్ ఐదు కిలోల దగ్గర ఉంటుంది, ఐదున్నర దాటకూడదని నియమం. ఆ బరువును పదమూడేళ్ల పిల్ల గంటసేపు మోస్తే నడుము వెనక్కి వంచి, ఆ వంపునే అలవాటు చేసుకుంటుంది. జూనియర్ స్టాక్ ఉన్న తేలిక రైఫిల్ మీ క్లబ్బులో ఉందేమో అడగండి. డబ్బు ఖర్చు పెట్టాలని ఉంటే అడుగు బల్లపరుపుగా ఉండే మంచి బూట్లు, ఒక చేతి తొడుగు చాలు.

కొత్తగురి గారూ, మిమ్మల్ని అడగడం మరిచాను. మీ గురి కన్ను ఏది?

కొత్తగురి
కుడిచేతి వాటం మేడమ్. కుడి కన్నే కదా?

పది_పాయింట్_తొమ్మిది
అలా అనుకోకండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి గోడ గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అది మీ గురి కన్ను.

కొత్తగురి
చూశాను. మూడుసార్లు చూశాను. మా ఆవిడతోనూ చేయించాను. ఆమెకు కుడి, నాకు ఎడమ! ఇప్పుడేమిటి పరిస్థితి?

ఓరుగల్లు_బాబాయి
కుడి చేత్తో అన్నం తిని ఎడమ కంటితో కూర వెతుక్కునేవాడివన్నమాట. మా తమ్ముడూ అంతే.

పది_పాయింట్_తొమ్మిది
కంగారు పడకండి. రెండు దారులున్నాయి. కుడి భుజంతోనే కాలుస్తూ, ఎడమ కంటికి అడ్డుగా చిన్న తెర పెట్టుకోవచ్చు. నియమాల ప్రకారం అది 30 మిల్లీమీటర్ల వెడల్పు మించకూడదు. లేదా ఎడమ భుజానికి మారిపోవచ్చు. కొత్తవారు కాబట్టి మారడం సులువే, మూడేళ్లు కాల్చాక అయితే ఏడుపే. కోచ్‌తో మాట్లాడి రెండు వారాలు ఎడమవైపు ప్రయత్నించండి.

ఒక్కసారి ఆలోచించండి. ఆ పద్దెనిమిది వేల రైఫిల్ మొన్నే కొని ఉంటే, కుడివైపు స్టాక్‌కు మీ మెడను అలవాటు చేసుకుంటూ, ఎందుకు కుదరడం లేదో తెలియక ఆరు నెలలు గడిచేవి.

పెల్లెట్_పద్దు
ఖాతాల మనిషిగా ఒక ముక్క. ఎడమచేతివాటం రైఫిళ్లు అరుదు. కానీ వాటిని కొనేవాళ్లు ఇంకా అరుదు. అమ్మేవారు దొరికితే బేరం మీదే.

---

*మూడు వారాల తర్వాత*

కొత్తగురి
ఎడమ భుజానికి మారాను. మొదటి వారం ఎడమ చేత్తో సంతకం పెట్టినట్టే ఉంది. ట్రిగ్గర్ వేలు ఎక్కడుందో వేలికే తెలియదు. పదో రోజున ఏమైందో తెలియదు, పెల్లెట్లన్నీ నల్ల వలయంలోకి వచ్చేశాయి. కోచ్ గారు ఏమీ అనలేదు, నా వెనక ఒక నిమిషం నిలబడి వెళ్లారు. అదే ఆయన మెచ్చుకోలట, పక్కనున్న కుర్రాడు చెప్పాడు.

ఇంట్లో రైఫిల్ లేకుండా సాధన చేయడానికి ఏదైనా మార్గం ఉందా?

పది_పాయింట్_తొమ్మిది
ఉంది. రేంజి రైఫిల్‌నే పెల్లెట్ లేకుండా కాల్చండి. మ్యాచ్ రైఫిళ్లలో దీనికోసమే గాలి వదలకుండా ట్రిగ్గర్ మాత్రం పనిచేసే అమరిక ఉంటుంది. బ్యారెల్ కొసన రూపాయి బిళ్ల నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కండి. బిళ్ల పడితే మీరు గుంజినట్టు. పెల్లెట్ ఖర్చు లేదు, టార్గెట్ కాగితం ఖర్చు లేదు, సిగ్గు మాత్రం అవుతుంది.

ఇంట్లో అయితే రోజూ పదిహేను నిమిషాలు గోడ మీద చుక్క చూస్తూ, రెండు కిలోల బియ్యం సంచిని ఎడమవైపు రైఫిల్ భంగిమలో పట్టుకుని కదలకుండా నిలబడండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

---

*నాలుగు నెలల తర్వాత*

కొత్తగురి
ఒక రైఫిల్ దొరికింది! ఫైన్‌వెర్క్‌బావ్ 500. బీచ్ చెక్క స్టాక్, కుడి, ఎడమ చేతివాటాలు రెండిటికీ సరిపోయేది. అమ్ముతున్నది సికింద్రాబాద్‌లో ఒక తల్లి. కొడుకు ఎంఎస్ చదవడానికి వెళ్లాడు, ఇక కాల్చడట. ఆమె తొంభై అడుగుతున్నారు. బోనస్ డబ్బు, ఆగి ఆగి కూడబెట్టినది కలిపితే ఎనభై ఉంది. ఆదివారం చూడటానికి వెళుతున్నాను. ఏమేమి చూడాలి?

పది_పాయింట్_తొమ్మిది
అన్నిటికన్నా ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ. పోటీ నియమాల ప్రకారం సిలిండర్ ఆయుష్షు పదేళ్లకు మించకూడదు. పది దాటితే పోటీలో వాడనివ్వరు, తేదీ చూసుకునే బాధ్యత మనదే. రైఫిల్ ఎంత మెరుస్తున్నా పదేళ్లు నిండిన సిలిండర్ ఉంటే కొత్తదాని ధర తగ్గించి అడగండి.

తర్వాత గాలి మీటరు అంకె రాసుకుని, మర్నాడు మళ్లీ చూడమనండి. వీలుంటే రేంజికి తీసుకెళ్లి, బల్ల మీద ఆనించి, ఐదు పెల్లెట్లు ఒకేచోటికి కాల్చండి. ఐదూ కలిసి ఏడు మిల్లీమీటర్ల లోపు ఒకే చిల్లుగా ఉంటే బ్యారెల్ బాగుందని అర్థం. లేకపోతే వేరే రకం పెల్లెట్ ఒకసారి వేసి చూడండి, ఒక్కో బ్యారెల్‌కు ఒక్కో నాలుక ఉంటుంది. వెనక సైటును చేత్తో మెల్లగా కదపండి, వదులుగా ఉండకూడదు. సీరియల్ నంబరు పాత బిల్లులో ఉన్నదేనా చూసి, ఆమెతో అమ్మకం కాగితం రాయించుకుని, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు జతచేయండి.

ఓరుగల్లు_బాబాయి
బేరం మరీ గట్టిగా ఆడకు బాబూ. కొడుకు వస్తువు అమ్ముకుంటున్న తల్లి.

కొత్తగురి
వెళ్లి వచ్చాను. బాబాయి గారు అన్నదే నిజమైంది. పెట్టె తెరిచేముందు ఆమె కొంగుతో దాని మీది దుమ్ము తుడిచారు. లోపల రైఫిల్ పక్కనే ఒక టార్గెట్ కాగితం, దాని మీద పెన్సిలుతో "ఊపిరి, ఊపిరి" అని రాసి ఉంది. సిలిండర్‌కు ఎనిమిదేళ్లు. రేంజిలో ఐదు పెల్లెట్లు కాల్చాం, చిల్లు ఆరు మిల్లీమీటర్లు. పెన్సిలు రాత ఉన్న ఆ కాగితం ఆమెకు తిరిగి ఇచ్చేశాను. ఎనభై రెండుకు ఒప్పుకున్నారు. రెండు వేలు మా ఆవిడ ఇచ్చింది.

పెల్లెట్_పద్దు
సిలిండర్‌కు ఇంకా రెండేళ్లు. ఆలోగా నెలకు ఇంత అని కొత్త సిలిండర్‌కు పక్కన పెట్టండి. ఎనభై రెండు అనుకోకండి, ఎనభై రెండు ప్లస్ సిలిండర్ అనుకోండి.

కొత్తగురి
ఇంకొక సందేహం. మా వీధిలో ఆస్పత్రులకు ఆక్సిజన్ సిలిండర్లు ఇచ్చే దుకాణం ఉంది. రైఫిల్ సిలిండర్‌ను అక్కడే నింపిస్తే...

పది_పాయింట్_తొమ్మిది
ఆగండి! ఆ పని ఎప్పటికీ చేయకండి. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు లోపలి గ్రీజు, నూనె తగిలితే అంటుకుని పేలుతుంది. చేతులు పోతాయి. పొడి గాలి మాత్రమే. డైవింగ్ సిలిండర్ నుంచి లేదా రేంజిలోని కంప్రెసర్ నుంచి, సిలిండర్ మీద రాసిన ఒత్తిడి దాటకుండా నింపించండి. అడిగి మంచి పని చేశారు.

నిర్వాహకుడు
పై సందేశాన్ని ఈ చర్చ మొదట్లో కూడా అతికిస్తున్నాను.

కొత్తగురి
రేంజిలోనే నింపించాను. కానీ నిన్న రాత్రి మీటరు 190 చూపించింది, పొద్దున 185. కారుతున్నట్టా?

రైన్_ఒడ్డున
రాత్రి చల్లబడితే అంకె కొంచెం దిగుతుంది, గాలి పోయినట్టు కాదు. ఇక్కడ చలికాలంలో గ్యారేజీలో పెడితే ఇంకా ఎక్కువ దిగుతుంది. అదే వేళకు, అదే గదిలో, మరో రెండు రోజులు చూసుకోండి. సిలిండర్ బిగించిన చోట కాస్త సబ్బు నురగ రాసి చూడండి. తర్వాత పొడి గుడ్డతో తుడిచేయండి.

కొత్తగురి
మధ్యాహ్నం చూస్తే మళ్లీ 189. సబ్బు రాశాను, బుడగ ఒక్కటి రాలేదు. మా ఆవిడ చూసి, గిన్నెలు తోమే సబ్బు ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది అంది. రేపు పొద్దున ఆరింటికి రేంజి.